నల్లబడిన గోరు, ఒక అబద్ధం

నా కుడికాలి బొటనవేలికి గోరు మళ్ళీ వచ్చింది. మందంగా, కాస్త పసుపురంగులో, ఒక పక్కకి ఒరిగి వచ్చింది. చెప్పుల్లోంచి కనబడితే ఏమైందని ఎవరో ఒకరు అడుగుతారు. పరుగెత్తేటప్పుడు దెబ్బ తగిలిందని చెప్పి ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం రాయడానికి ఇప్పటికి మనసొప్పింది. పరుగెత్తే పిల్లలుగానీ వాళ్ళ అమ్మానాన్నలుగానీ చదివితే, గోరే కదా అని వదిలెయ్యకుండా ఉంటారని కొంత. లోపల బరువు దించుకోవాలని కొంత.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా నాన్న సింహాచలం వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. తాతగారి కాలంలో టెక్కలి వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో ఆ వైపు తెలుగే మాట్లాడేవాళ్ళం, మధ్యలో కావలసినంత హిందీ కలిపి. నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. జనవరి ఆఖర్లో క్రీడల కోటా ఉద్యోగాలకి సెలక్షన్ ట్రయల్స్ ఉన్నాయి. నా టైము బాగుందని, గట్టిగా ప్రయత్నిస్తే దొరుకుతుందని మా కోచ్ అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆరు నెలలుగా బతుకుతున్నాను.

నాన్న కూడా వయసులో ఉన్నప్పుడు వర్క్‌షాపు తరఫున పరుగెత్తినవాడే. కాలనీలో ఆయనకి ఇంకో పేరుండేది. వర్క్‌షాపులో చేతుల మీద ఇనుము పడి గోళ్ళు నల్లబడడం మామూలు. అలాంటివాళ్ళు సాయంత్రం మా ఇంటికి వచ్చేవారు. నాన్న పిన్నీసు కొసని స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి గోరు మీద ఆనించేవాడు. గోరుకి సన్నని కన్నం పడి, కింద గడ్డకట్టిన రక్తం చిమ్మేది. వచ్చినవాడు హమ్మయ్య అని నిట్టూర్చేవాడు. సింహాచలం చెయ్యి పడితే నొప్పి పోతుందని అందరూ అనేవారు. అమ్మకి మాత్రం ఇది నచ్చేది కాదు. "మీరేటి డాక్టరా?" అని సణిగేది.

నవంబరు

నవంబరు మూడో ఆదివారం అది. ఆదివారాలు నయా రాయపూర్ రోడ్ల మీద దూరం పరుగెత్తేదాన్ని. నాన్న స్కూటరు మీద నెమ్మదిగా వెనకాలే వచ్చేవాడు. ఆఫీసులు మూసి ఉండే రోజు కనుక అంత వెడల్పు రోడ్డూ మాదే. ఆఖరి కిలోమీటరులో చేతి గడియారం చూసుకుంటూ మలుపు తిరిగాను. కుడికాలు రోడ్డంచున ఉన్న సిమెంటు దిమ్మకి సూటిగా తగిలింది. పడలేదు. నాలుగడుగులు కుంటి మళ్ళీ పరుగందుకున్నాను. ఆగకపోవడమే గొప్ప అనుకునే వయసు. బూటు విప్పేసరికి బొటనవేలు దానికొక గుండె ఉన్నట్టు కొట్టుకుంటోంది.

బూట్లు ఒక సైజు తక్కువవి. బిగుతుగా ఉంటే కాలు తేలిగ్గా లేస్తుందని నా నమ్మకం. అప్పటికే చిటికెనవేలి గోరొకటి, దాని పక్కదొకటి నల్లబడి ఊడి మళ్ళీ వచ్చాయి. గ్రౌండులో అమ్మాయిలందరికీ అంతే. ఒకరి గోళ్ళు ఒకరికి చూపించుకుని నవ్వుకునేవాళ్ళం.

సోమవారానికి గోరంతా నేరేడుపండు రంగుకి తిరిగింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం లేచిపోతోంది. అమ్మ అభన్‌పూర్‌లో పిన్ని వాళ్ళింట్లో పూజ ఉంటే వెళ్ళింది, బుధవారం దాకా రాదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని కాలు చాపాను.

"నాన్నా, నువ్వు అందరికీ సేస్తావు కదా. నాకూ సెయ్యి."

"రెండ్రోజులాగమ్మా. మీ అమ్మొచ్చినాక సూద్దాం."

"అమ్మొస్తే ఒప్పుకోదు. గ్రౌండుకే ఎళ్ళొద్దంటది. రెణ్ణెల్లే ఉంది నాన్నా. ప్లీజ్."

ఆయన నా పాదం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలి కొసన మెల్లగా నొక్కాడు.

"నొప్పి గోరు కిందేనా? ఎముక్కూడా నొప్పెడతందా?"

ఎముక నొప్పిగానే ఉంది. నొక్కినప్పుడు కళ్ళు మూసుకుపోయేంత నొప్పి. "గోరొక్కటే," అన్నాను.

మొదటి అబద్ధం అది, నాది. నాన్న అడగవలసిన ప్రశ్న అడిగాడు. ఎముక అని నేను చెప్పి ఉంటే ఆయన ముట్టుకునేవాడు కాదు, అది నాకు తెలుసు.

కాలిన గోరు వాసన వచ్చింది. నల్లటి రక్తం చిమ్మి నాన్న చొక్కా మీద పడింది. రెండు రోజులుగా వేలిలో బిగుసుకున్నదంతా ఒక్కసారిగా వదిలింది. ఆ హాయి ఎంతటిదంటే ఏడ్చేశాను. నాన్న నవ్వాడు. "అమ్మకి సెప్పకు," అన్నాను. "నాను సెప్పను. నువ్వూ సెప్పకు," అన్నాడు. మర్నాడు పొద్దున గ్రౌండులో ఆరు రౌండ్లు పరుగెత్తాను.

అమ్మ వచ్చే రోజు పొద్దున్నే పది కాలిగోళ్ళకీ ముదురు ఎరుపు నెయిల్ పాలిష్ వేసుకున్నాను. కన్నం దాని కింద కప్పబడిపోయింది. వంటింట్లోకి వచ్చిన నన్ను అమ్మ కిందినుంచి పైకి చూసింది.

"ఇదేటే, ఎప్పుడూ లేని రంగులు?"

"కాలేజీలో ఫంక్షన్ ఉంది."

"మరి కుంటుతున్నావేటి?"

"రాయి తగిలిందమ్మా. తగ్గిపోతాది."

పీటమీద కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న నాన్న తలెత్తలేదు.

ఆ వారం గడిచేసరికి వేలు రెండింతలైంది. అమ్మ ఇక వినలేదు. నన్ను, నాన్నని వెంటబెట్టుకుని ఊళ్ళో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గదిలో జనం నిండి ఉన్నారు, లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నమైంది. ఎక్స్‌రే తీశారు. బొటనవేలి కొస ఎముకలో వెంట్రుకంత చీలిక ఉంది. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఫిల్మ్ వెలుగులో పట్టుకుని హిందీలో అడిగాడు. "దెబ్బ ఎలా తగిలింది? పైన ఎక్కడైనా తెగిందా? రక్తం గానీ ఏమైనా కారిందా?"

నేను అమ్మ వైపు చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న వైపు చూశాను. ఆయన క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

"నహీ సర్. రాయి తగిలింది, అంతే. ఏమీ తెగలేదు."

"పక్కా?"

"పక్కా సర్."

కన్నం పాలిష్ కిందే ఉంది. ఆయన ఆ మాట నమ్మాడు. నమ్మకపోవడానికి కారణమేముంది? పక్క వేలితో కలిపి ప్లాస్టరు టేపు చుట్టాడు. మూడు వారాలు పరుగు మానెయ్యమన్నాడు. నొప్పికి, వాపుకి మాత్రలు రాశాడు. పైన తెగి ఉంటే మందులు వేరేలా ఇచ్చేవాడని నాకు ఆ తరవాత తెలిసింది. చీలిన ఎముక మీద మూత లేని కన్నం ఉంది. రోజూ బూటులో చెమట, మట్టి. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరం ఉండి, ఇద్దరం ఊరుకున్నాం.

బయటికి వచ్చాక నాన్న నా భుజం తట్టాడు.

డిసెంబరు

మాత్రలు బాగా పనిచేశాయి. అదే వచ్చిన ఇబ్బంది. నొప్పీ జ్వరమూ రెండూ ఆ మాత్రల కింద అణిగి ఉన్నాయి. మాత్ర ప్రభావం తగ్గేటప్పుడు ఒళ్ళు చల్లగా వణికేది. మళ్ళీ ఒక మాత్ర వేసుకునేదాన్ని. పరుగు మానేశాను గానీ ఇంట్లో గోడ పట్టుకుని ఎడమకాలి మీద వ్యాయామాలు చేసేదాన్ని, గోడ మీది క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ. పదిరోజులకి ఒక వాసన మొదలైంది. ముందు మేజోళ్ళదనుకున్నాను. స్నానం చేసి వచ్చాక కూడా ఉంది.

నాన్నకి చెప్పాను, అమ్మ బయట బట్టలారేస్తుండగా. ఆయన వంగి వాసన చూశాడు. ముఖంలో రంగు పోయింది.

"సెప్పేద్దామా?" అన్నాడు.

"టేపు తీసే రోజు వారంలో ఉంది కదా నాన్నా. అప్పుడు డాక్టరే సూస్తాడు."

"అంతే అంటావా?"

"అంతే."

యాభై రెండేళ్ళ మనిషి, నా మాట కోసం చూస్తున్నాడు. నేనేమో ఆయన ముఖం చూసి ధైర్యం తెచ్చుకుంటున్నాను. ఇద్దరం అలా ఒకరినొకరు మోసం చేసుకుంటూ ఇంకో మూడు రోజులు గడిపాం.

నాలుగో రోజు పొద్దున లేవలేకపోయాను. ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ దుప్పటి తీసి చూస్తే పాదం పైభాగం ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎరుపు ఒక పట్టీలాగ చీలమండ వైపు ఎక్కుతోంది. అమ్మ అరవలేదు. టేపు కత్తిరించి తీసింది. దూదీ రిమూవరు సీసా తెచ్చుకుని నా కాళ్ళ దగ్గర కూర్చుని ఆ వేలి పాలిష్ తుడవడం మొదలుపెట్టింది. నేను కాలు లాక్కోబోయాను. చీలమండ పట్టుకుని ఆపింది. ఎరుపు పోయింది, కింద నలుపు కనబడింది. నలుపు మధ్యలో గుండ్రంగా, అంచులు కాలిన చిన్న కన్నం. దాంట్లోంచి పసుపుపచ్చగా చీము.

ఆ కన్నం ఎలాంటిదో అమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవయ్యేళ్ళుగా మా ఇంటి స్టవ్ దగ్గర చూస్తూనే ఉంది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని. అమ్మ ఆయన్ని చూసింది. మళ్ళీ వేలు చూసింది. "ఆటో పిలవండి," అంది.

ఆటోలో ముగ్గురం కూర్చున్నాం, అమ్మ మధ్యలో. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా నా కాలు కదలకుండా అమ్మ తన తొడ మీద అదిమి పట్టుకుంది.

ఈసారి వెళ్ళింది పెద్ద ఆసుపత్రికి. సర్జన్ గది బయట బెంచీల మీద జనం, నేల మీద జనం. మా నంబరు ఇరవై ఏడు. లోపల పన్నెండో నంబరు నడుస్తోంది. అంతసేపు ఎదురుచూడడం ఎలా ఉంటుందో చెప్పలేను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తొందరగా మన పేరు పిలవాలనీ ఉంటుంది, పిలవకూడదనీ ఉంటుంది. గంట గడిచాక అమ్మ, గోడవైపు చూస్తూనే, నెమ్మదిగా అంది.

"లోపలికెళ్ళినాక మీ ఇద్దర్లో ఎవరు సెప్తారో తేల్సుకోండి. ఎవరూ సెప్పకపోతే నాను సెప్తాను." లేచి నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

మేమిద్దరం మిగిలాం. మధ్యలో అమ్మ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

"నాన్నా, నువ్వు సెప్పకు," అన్నాను. "నేనే పొడుసుకున్నానని సెప్తాను. పోలీసు కేసని ఏదైనా అంటే?"

నాన్న తన చేతులు చూసుకుంటున్నాడు. ఎంత రుద్దినా పోని గ్రీజు గీతలు గోళ్ళ పక్కన.

సర్జన్ యాభై దాటిన ఆవిడ. జుట్టు బిగించి ముడి వేసుకుంది. నా కాలు చూడగానే నర్సుకి ఏవో రెండు మాటలు చెప్పింది. నర్సు దాదాపు పరుగెత్తుతూ వెళ్ళింది. ఆవిడ గ్లవ్స్ వేసుకుని గోరు దగ్గరికి వంగింది.

"యే ఛేద్ కైసే హువా?" ఈ కన్నం ఎలా పడింది అని.

"నేనే మేడమ్," అన్నాను హిందీలో. "నేనే సూదితో..."

"నహీ." నాన్న గొంతు. అంత గట్టిగా నాన్న మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "నహీ మేడమ్. మైఁనే కియా. ఇదిగో ఈ చేత్తో. పిన్నీసు కాల్చి పొడిచాను. ఇరవై రోజుల పైనయింది. మొదటి డాక్టరు దగ్గర కూడా చెప్పలేదు. నా బిడ్డ నన్ను కాపాడాలని అబద్ధం చెబుతోంది." చెయ్యి చాపి ఆవిడ బల్లమీద బోర్లా పెట్టాడు, దెబ్బకోసం చాపినట్టు.

ఆవిడ ఆ చేతివైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది. ఆవిడ వరసగా అడుగుతూ పోయింది: ఏ రోజు, ఎంత లోపలికి, తరవాత దాని మీద ఏం పూశారు, పరుగెత్తిందా, జ్వరం ఎప్పటినుంచి. నాన్న ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. ఆవిడ అంతా రాసుకుంది. ఆఖర్న పెన్ను మూసి, "ఇది ఆరోజే చెప్పి ఉంటే..." అని ఆగిపోయింది. "సరే. ఇవాళైనా చెప్పారు. నాకు పని చెయ్యడానికి అది అవసరం," అంది.

ఎముకలోకి చీము వెళ్ళి ఉండవచ్చని, ముందు గోరు తీసేసి లోపల శుభ్రం చేస్తానని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది, నా కళ్ళలోకి చూసి, బిడ్డకి చెప్పినట్టు కాక పెద్దవాళ్ళకి చెప్పినట్టు. "మందులకి ఇది లొంగకపోతే వేలు కొస తీసెయ్యాల్సి వస్తుంది. కాలు మిగలాలంటే ఆలస్యం చెయ్యలేను."

అమ్మ నీళ్ళ సీసా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఆ మాట విన్నది.

అదే సాయంత్రం గోరు తీశారు. మత్తు వల్ల నొప్పి తెలియలేదు, లాగుతున్నట్టు మాత్రం తెలిసింది. గట్టిగా కళ్ళు మూసుకుని లోపల ఎనిమిది వందల మీటర్ల రెండు రౌండ్లు పరుగెత్తాను. రెండో రౌండు పూర్తికాలేదు. ఎంత ప్రయత్నించినా ఆఖరి మలుపు దాటలేకపోయాను.

వార్డులో నర్సు నీలం పెన్నుతో నా పాదం మీద ఎరుపు ఎంతవరకు ఉందో అంతవరకు చుట్టూ గీత గీసింది. పక్కన టైము వేసింది. ఎరుపు ఈ గీత దాటితే వెంటనే పిలవమంది. మందు చుక్కలు చుక్కలుగా ఎక్కుతోంది. ఇక చెయ్యడానికేమీ లేదు, ఆ గీతను చూస్తూ కూర్చోవడమే. అమ్మ చూసేది. నేను చూసేదాన్ని. కాసేపు చూస్తే గీతే కదులుతున్నట్టు ఉండేది.

మర్నాడు మధ్యాహ్నానికి ఎరుపు గీత దాటింది. వేలెడు దాటింది. నర్సు వచ్చి పైన ఇంకో గీత గీసింది, టైము వేసింది. సర్జన్ వచ్చి రెండు గీతల మధ్య వేలితో కొలిచింది. "మందు మారుస్తున్నాను. రేపు పొద్దున చూస్తాను. ఈ రెండోది కూడా దాటితే ఇక ఆగలేను," అంది. అవసరమైతే వేలు కొస తియ్యడానికి ఒప్పుకున్నట్టు అమ్మ చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అమ్మ సంతకం ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఆ రోజు అది చివర్లో జారిపోయింది.

నాన్న వార్డులోకి రావడం మానేశాడు. అమ్మ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. రెండు రోజులుగా ఆయనతో మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా తెచ్చి నర్సు చేతికి ఇచ్చి, కింద మెట్ల మీద కూర్చునేవాడట. పక్క మంచం మీది అవ్వ కోడలు వచ్చి చెప్పింది, "మీ నాన్న అక్కడే ఉన్నాడు, అన్నం తినలేదు," అని.

ఆ అవ్వది అభన్‌పూర్ దగ్గర పల్లె. పొలంలో కాలికి దెబ్బ తగిలి, షుగరు వల్ల మానక, రెండు వేళ్ళు తీసేశారు. నేను ఏడుస్తుంటే తన తలకింద దిండు లాగి కోడలికిచ్చింది, నా కాలు ఎత్తుగా పెట్టమని. "ఝన్ డర్ నోనీ," అంది. భయపడకు పిల్లా అని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో. కట్టు కట్టిన తన కాలు మంచం మీంచి దించి, కోడలి భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి చూపించింది. నడవొచ్చు, చూడు, అన్నట్టు. నడక కాదు అవ్వా, నాకు పరుగు కావాలి అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. తన దిండు నా కాలి కింద ఉంది.

మూడోరోజు పొద్దున సర్జన్ వచ్చే ముందు అమ్మ కిటికీ తెర తీసింది. ఎండ పాదం మీద పడింది. చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

"అమ్మా, నువ్వు సూసి సెప్పు."

అమ్మ వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"దాటలేదు," అంది. మళ్ళీ చూసింది. "దాటలేదే. కిందకి దిగినట్టుంది."

సర్జన్ వచ్చి అదే మాట అంది. తొందరపడి సంతోషించవద్దని కూడా అంది. అయినా ఆవిడ ముఖం నిన్నటిలా లేదు. ఆవిడ వెళ్ళగానే అమ్మ వార్డు దాటి మెట్లవైపు వెళ్ళింది. ఏమన్నదో నాకు తెలియదు. కొంతసేపటికి ఇద్దరూ కలిసి వచ్చారు. నాన్న నా మంచం దగ్గరికి రాలేక కాళ్ళ వైపు ఆగిపోయాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అమ్మ స్టూలు ఆయనవైపు తోసింది. "కూకోండి. ఇడ్లీలున్నాయి, తినండి," అంది. మూడు రోజుల తరవాత ఆయనతో అమ్మ మాట్లాడడం నేను విన్నది అప్పుడే.

జనవరి

వేలు మిగిలింది. కొసన కొంచెం ఎముక గీకేశారు. ఇంటికి వచ్చాక కూడా ఆరు వారాలు మందులు. మొదట్లో రోజూ ఇంజెక్షను, తరవాత వాంతి తెప్పించే పెద్ద మాత్రలు. గోరు లేని వేలు ఎంత సిగ్గులేకుండా ఎర్రగా ఉంటుందో, గాలి తగిలినా ఎలా ఉలిక్కిపడుతుందో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. కట్టు మార్చేది అమ్మ. నాన్న ముట్టుకునేవాడు కాదు. గోళ్ళ కోసం ఇంటికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే డిస్పెన్సరీకి పంపించేసేవాడు. ఎందుకో చెప్పేవాడు కూడా, దాచకుండా, "నా కూతురి కాలు పోయేదిరా బాబూ," అని.

ట్రయల్స్ రోజు నేను మంచం మీదే ఉన్నాను. గ్రౌండులో నాతోపాటు పరుగెత్తే అమ్మాయి వెళ్ళింది. నా కంటే వెనకే ఉండేది ఎప్పుడూ. ఆమె సెలక్టయింది. మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చింది, పాపం, లోపలికి రావాలా వద్దా అని గుమ్మంలో తటపటాయిస్తూ. మంచి మాటలే మాట్లాడాను. ఆమె వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. పోయింది ఒక్క పరుగే, మళ్ళీ ఏడాదికి వస్తుంది అన్నారు చాలామంది. మళ్ళీ ఏడాది వచ్చింది కూడా. నేను పరుగెత్తాను, నాలుగోదాన్నయ్యాను, ముగ్గుర్ని తీసుకున్నారు. బొటనవేలే కారణమా అంటే చెప్పలేను. ఆ రోజు నా కంటే ముగ్గురు వేగంగా పరుగెత్తారు.

మార్చి

మార్చిలో సర్జన్ చివరిసారి చూసి, కొంచెంగా పరుగెత్తి చూడవచ్చంది. బూటు ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలని, గోళ్ళు అడ్డంగా సమానంగా కత్తిరించుకోవాలని చెప్పింది. నల్లబడిన గోరు నొప్పి లేకపోతే దాని మానాన దాన్ని వదిలెయ్యాలంది. నొప్పి విపరీతంగా ఉంటే ఆసుపత్రికి రావాలంది. "ఇంకొకటి," అని నాన్న వైపు తిరిగింది. "డాక్టరుకి అంతా చెప్పాలి. సిగ్గయినా సరే." నాన్న తల ఊపాడు.

ఆ ఆదివారం నాన్న, నేను స్కూటరు మీద నయా రాయపూర్ వెళ్ళాం. పెద్ద సైజు బూట్లు. కాలు వాటిలో పరాయి ఇంట్లో ఉన్నట్టుంది. రెండు వందల మీటర్లు పరుగెత్తాను, అది పరుగంటే. వెనక స్కూటరు చప్పుడు లేదు. తిరిగి చూస్తే నాన్న స్కూటరు స్టాండు వేసి రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు. నడుచుకుంటూ వెనక్కి వచ్చి, పక్కన గట్టు మీద కూర్చున్నాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తరవాత, నా ముఖం చూడకుండా అన్నాడు.

"నీకొక మాట సెప్పాలి. ఎవరికీ సెప్పలేదు. మీ అమ్మక్కూడా."

"ఏటి నాన్నా?"

"ఆ మొదటి డాక్టరు అడిగినప్పుడు నువ్వు ఏమీ తెగలేదన్నావు కదా. అప్పుడు నాకు భయం వెయ్యలేదమ్మా. హాయిగా అనిపించింది. హమ్మయ్య, నా పేరు రాలేదు అనుకున్నాను. పొడిసినందుక్కాదు నాకు బాధ. తెలీక పొడిసినాను. ఆ హాయి ఉందే, అదీ నాను మర్సిపోలేకపోతన్నాను."

దూరంగా ఒక ఖాళీ బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"నాకు తెలుసు నాన్నా," అన్నాను చివరికి. "నీ ముఖంలో కనబడింది. అది సూసి నాకూ సంతోషమేసింది. నాన్నని కాపాడేసినాను అనుకున్నాను."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. నవ్వబోయాడో ఏడవబోయాడో, రెండూ కాలేదు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఇప్పుడెలగుంది? నొప్పెడతందా?"

మనసు ముందే జవాబు సిద్ధం చేసుకుంది. ఒక క్షణం ఆగాను.

"నొప్పెడతంది నాన్నా. లోపల, ఎముకలో. కొంచెమే గానీ ఉంది."

"అయితే ఇవాల్టికి సాలు," అని ఆయన లేచాడు. నేను లేవడానికి చెయ్యి అందించాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ చెయ్యి పట్టుకుని లేచాను.

స్కూటరెక్కి నెమ్మదిగా ఇంటికి వచ్చాం.